నక్క దగ్గర పాస్, కుక్క దగ్గర ఫెయిల్

సర్టిఫికెట్ నిన్ననే చేతికొచ్చింది. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

ఉద్యోగం మీద చిలీలోని టెముకోకి వచ్చి రెండేళ్లయింది. ఇక్కడి మూలవాసులైన మాపుచే వాళ్ల భాష మాపుదుంగున్. దాని మొదటి స్థాయి కోర్సులో చేరాను. 2017 జనాభా లెక్కల్లో 17 లక్షల మందికి పైగా మాపుచేలమని రాయించుకున్నారు. మా క్లాసులోని మాపుచే పిల్లలు మాత్రం నాలాగే 'మారి మారి' (నమస్కారం) దగ్గర మొదలుపెట్టారు. వాళ్ల ఇళ్లలో భాష అమ్మమ్మల దగ్గరే ఆగిపోయింది.

ఫీజు, క్లాసులు సాఫీగానే గడిచాయి. మాట్లాడే పరీక్షలో నాదే పైచేయి. నక్కను 'ఙురు' అంటారు, మొదటి అక్షరమే ఙ! మిగతావాళ్లు తంటాలు పడుతుంటే, 'వాఙ్మయం'లో తప్ప ఎందుకూ పనికిరాదని బళ్లో వెక్కిరించిన ఙ నన్ను గట్టెక్కించింది.

మునిగింది రాత పరీక్షలో. రాసేది రోమన్ అక్షరాల్లోనే, కానీ పద్ధతులు మూడు: మాపుచే భాషావేత్త ఆన్సెల్మో రగిలేఓ 1982లో చేసింది, 1986 నాటి ఉమ్మడి వర్ణమాల, ప్రభుత్వం వాడే అజుంచెఫె. 'ట్రేవా' అంటే కుక్క. అది ఉమ్మడిలో టి, ఆర్‌తో మొదలవుతుంది, అజుంచెఫెలో టి, ఎక్స్‌తో. రగిలేఓలో ఒట్టి ఎక్స్!

నేను పుస్తకం ఒక పద్ధతిది, యాప్ ఇంకో పద్ధతిది పెట్టుకుని చదివాను. స్త్రీ అనే మాట 'దోమో'ని మొదటి లైన్లో డితో, మూడో లైన్లో జడ్‌తో రాశాను. దిద్దిన మేడమ్ నా పేపరు అందరి ముందూ పైకెత్తి, "ఈవిడా ఆవిడా ఒకరేనా, అక్కాచెల్లెళ్లా?" అంది. క్లాసంతా గొల్లున నవ్వింది. నలభై ఏళ్లవాణ్ని, తలెత్తలేకపోయాను. పోనీ తప్పు నాదే అనుకుందామంటే, ఏ పద్ధతిలో రాయాలో ప్రశ్నపత్రం మీద లేదు! ఆఫీసులో అడిగితే "ఏదైనా సరే, మొత్తం ఒకటే ఉండాలి" అన్నారు. ఈ ముక్క ఫీజు తీసుకున్న రోజే చెబితే నోరు అరిగిపోతుందా? మీరు మాత్రం డబ్బు కట్టకముందే అడగండి. కౌంటర్లో మీసాలాయన్ని అడక్కండి, దండగ.

రెండోసారి రగిలేఓ పట్టుకున్నాను. ఒక శబ్దానికి ఒకే అక్షరం, మనకు అలవాటైన పద్ధతే. ఈ భాషలోని ఆరో అచ్చుకు వి కొడితే చాలు, యు మీద రెండు చుక్కలు పెట్టే బాధ లేదు.

పాసయ్యాను. సర్టిఫికెట్ పైన భాష పేరు జడ్‌తో అచ్చయింది. కింద ముద్రలో డితో ఉంది.