చిత్తూరు బస్సులో జీరో టికెట్

మార్చి మొదటి శనివారం. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాల దినాలు నడుస్తున్నాయి. అమ్మను వెంటబెట్టుకుని తిరుపతి బస్టాండులో చిత్తూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. చిన్నాయనకు వేలూరులో గుండె ఆపరేషన్ అయి ఏడాది నిండిందని పిన్ని ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టారు.

నాకు వెళ్ళాలని లేదు. చిన్నాయన ఆస్పత్రిలో ఉన్న నెలలోనే నాన్న కూడా ఆస్పత్రిలో ఉన్నాడు. ఇద్దరి కోసం ఒకే రాత్రి, ఒకే చాప మీద మోకరించి ప్రార్థన చేశాం. చిన్నాయన ఇంటికొచ్చాడు, నాన్న రాలేదు. సమాధి కార్యక్రమం అయ్యాక తెలిసినావిడ ఒకరు నా చెయ్యి పట్టుకుని, "మీ విశ్వాసం ఇంకొంచెం గట్టిగా ఉండాల్సింది తల్లీ" అంది. ఆ మాట నాలో ముల్లులా దిగిపోయింది. అప్పట్నుంచి దేవుడికి ఏదో బాకీ ఉన్నట్టే బతుకుతున్నాను. తెల్లారి నాలుగింటికి లేవడం, రోజుకు ఇన్ని అధ్యాయాలని లెక్క పెట్టుకోవడం, ఈ శ్రమకాలంలో పొద్దు గుంకేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టకపోవడం. ఇన్ని చేస్తున్నా దేవుడు దగ్గరైనట్టు ఒక్కరోజు కూడా అనిపించలేదు.

బస్సు సగం కొండ దిగొచ్చిన వాళ్ళతోనే నిండింది. మా వెనక సీట్లో గుండ్లు చేయించుకున్న ఒక కుటుంబం. వాళ్ళ పాప బోడిగుండుకు ఇంకా గంధం ఆరలేదు. వాళ్ళమ్మ మాకు రెండు జామకాయలు చేతికిచ్చింది. ఉపవాసమని చెప్పకుండా తీసుకుని సంచిలో వేసుకున్నాను.

చంద్రగిరి దగ్గర కండక్టర్ మా సీటు దగ్గరికి వచ్చాడు. అమ్మ కొంగుముడి విప్పి నోట్లు చాపింది. మోకాలి నొప్పితో అమ్మ బస్సెక్కి ఏడాది దాటింది.

"డబ్బులు వద్దు మా. ఆధార్ చూపీ చాలు."

"ఊరికే ఎట్లా ఎక్కేది నాయనా?"

"ఊరికే కాదు మా, మీ చార్జీ గవర్నమెంటు కడతాది. ఇదో, టికెట్ పట్టుకో."

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రం ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదని అమ్మకు తెలుసు, టీవీలో చూసింది. తెలిసీ చెయ్యి ముడి మీదికి పోయింది. జీరో టికెట్‌ను రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసింది. "చూడు, సున్నా అని వేసినారు. అయినా టికెట్టే" అంది.

ఆ మాటకు నా ఒళ్ళు జలదరించింది. ఏడాదిగా దేవుడి ముందు నేను చాపుతున్నదీ నోట్లే కదా. పాకాల వైపు రోడ్డు చీలే చోటు దాటి పూతలపట్టు వచ్చేదాకా అదే ఆలోచన. రోడ్డుకు రెండు పక్కలా మామిడి తోపులు పూత మీదున్నాయి, కిటికీలోంచి ఆ వాసన లోపలికి కొడుతోంది.

మేం లూథరన్ క్రైస్తవులం. 1865లో జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి సూళ్ళూరుపేటకు వచ్చిన మిషనరీల పని తర్వాత తిరుపతి దాకా పాకింది. మా తాతల కాలం నుంచి ఆ సంఘమే మాది. సంఘంలో పూర్తి సభ్యులయ్యే ముందు చదివే కన్ఫర్మేషన్ క్లాసులో మార్టిన్ లూథరు 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం మాచేత కంఠతా పట్టించారు. నా బుద్ధితో గానీ బలంతో గానీ ప్రభువును నమ్మలేను, ఆయన దగ్గరికి రాలేను, పరిశుద్ధాత్మే నన్ను పిలిచాడు అని అందులో ఉంటుంది. పన్నెండేళ్ళప్పుడు తడబడకుండా అప్పజెప్పి శభాష్ అనిపించుకున్నాను. నమ్మలేను అని ఒప్పుకోవడమే పరిశుద్ధాత్మ గురించిన పాఠంలో మొదటి మాట. నలభై దాటాక, చిత్తూరు బస్సులో గానీ అది నా చెవికి ఎక్కలేదు.

పోలిక పూర్తిగా కుదరదని నాకూ తెలుసు. అదే బస్సు వేలూరుకు వెళ్ళేదైతే ఈ జీరో టికెట్ ఇవ్వరు, ఊరు ఏదో చూపించే కార్డూ కావాలి. దేవుడి కృపకు సరిహద్దు చెక్‌పోస్టు లేదు. కానీ ఎక్కేవాళ్ళకు ఉచితమైనా, ఎవరూ కట్టని చార్జీ మాత్రం కాదు. సిలువ మీద యేసే కట్టాడని చిన్నప్పట్నుంచి విన్న సంగతే ఇది.

పిన్ని అత్తగారి వాళ్ళు సీఎస్ఐ సంఘం. 1853లో అమెరికా మిషనరీలైన స్కడ్డర్ సోదరులు మొదలుపెట్టిన ఆర్కాట్ మిషన్‌కు వేలూరు, ఆరణితోపాటు చిత్తూరూ తొలి కేంద్రాల్లో ఒకటి. ఆ సంఘాలే 1947లో దక్షిణ ఇండియా సంఘంలో, అంటే సీఎస్ఐలో కలిశాయి. కూడికలో పాస్టరు అయ్యగారు హెబ్రీ పత్రిక నాలుగో అధ్యాయం చదివారు, "ధైర్యముతో కృపాసనమునొద్దకు చేరుదము" అని. పాత నిబంధనలో అతిపరిశుద్ధ స్థలంలోకి ప్రధాన యాజకుడొక్కడే, ఏడాదికి ఒక్కసారి, రక్తం తీసుకుని పోయేవాడని గుర్తు చేశారు. ఇప్పుడు దేవుడు అందరినీ రమ్మంటున్నాడు, అదీ ధైర్యంగా రమ్మంటున్నాడు అన్నారు.

కూడిక అయ్యాక చిన్నాయన నా పక్కన కుర్చీ వేసుకున్నాడు. నా మొహంలో ఏం కనిపించిందో.

"మీ నాయన విశ్వాసం ముందర నాదెంత మా? ఆపరేషన్ రోజు భయంతో నాకు ప్రార్థన రాలేదు. ఒక నర్సమ్మ చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసింది. ఆమెన్ అనేదానికి కూడా నాకు నోరు పెగల్లేదు."

కాసేపాగి, "నన్నెందుకు ఉంచినాడో నాకు తెలీదు. మీ నాయన్ను మాత్రం తోసెయ్యలేదు మా, తన దగ్గరికే పిలుచుకున్నాడు" అన్నాడు.

ఏడాదిగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. పిన్ని ఏమీ అడగలేదు. విస్తరాకు వేసి రాగిసంగటి ముద్ద పెట్టి, మధ్యలో గుంట చేసి నెయ్యి పోసింది, పక్కన పప్పు. పొద్దు ఇంకా నడినెత్తినే ఉంది. ఉపవాసం తప్పని నేననను, ప్రభువు కూడా ఉపవాసమున్నాడు. నాది మాత్రం ఉపవాసం కాదు, నాన్న విషయంలో ఓడిపోయానని కడుతున్న జరిమానా. సంగటి తిన్నాను, రెండో ముద్ద అడిగి వేయించుకున్నాను. అమ్మ నన్నే చూస్తూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం తిరుగు బస్సులో జామకాయలు కోసి అమ్మా నేనూ తిన్నాం. చీకటి పడుతుండగా కళ్ళు మూసుకుని, "నాన్న లేడు ప్రభువా, నాకు చాలా కష్టంగా ఉంది" అన్నాను. అధ్యాయాల లెక్క లేదు, ముందూ వెనకా వాక్యాలు లేవు. అంతే అన్నాను.

కండక్టర్ లైటు వేసుకుని వస్తున్నాడు. అమ్మ కొంగుముడి జోలికి పోలేదు. ఆయన అడగకముందే ఆధార్ కార్డు చాపి, "తిరుపతికి నాయనా, ఇద్దరం" అంది.