రక్తం చూసుకున్నాకే కాళ్లు కదిలాయి: నా హాఫ్ మారథాన్ అనుభవం

మా ఇల్లు కర్నూలు సి క్యాంపులో. గాయత్రీ ఎస్టేట్‌లో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. వయసు 39, ఇద్దరు పిల్లలు. పోయిన ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ పరిగెత్తాను. హాఫ్ అంటే 21.0975 కిలోమీటర్లు. మొదలుపెట్టిన కొత్తలో ఆగకుండా 2 కిలోమీటర్లు కూడా పోలేకపోయేదాన్ని. నాలాగే ఆయాసపడుతూ, అదంతా తమ బద్ధకమే అనుకునే ఆడవాళ్లు మా ఊళ్లోనే ఎంతోమంది ఉన్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మా చిన్నాన్న కూతురు హైదరాబాద్‌లో ఉంటుంది. దీపావళికి ఫోన్ చేసి, "అక్కా, వచ్చే ఆగస్టుకు ఇద్దరం హాఫ్ పరిగెత్తుదాం, బోలెడు టైముంది" అంది. సరేనన్నాను. నవంబరు నుంచి రోజూ పొద్దున 5 గంటలకు అవుట్‌డోర్ స్టేడియానికి పోవడం, కాసేపు నడక, కాసేపు పరుగు. మొదటి నెల కష్టంగా ఉంటుంది, తర్వాత ఊపిరి అదే అందుతుంది అని అందరూ చెప్పారు. నాకు మూడో నెలలోనూ అందలేదు. జనవరి ఆఖరుకు కూడా 3 కిలోమీటర్లు దాటితే గుండె గొంతులోకి వచ్చి కొట్టుకునేది, కళ్ల ముందు మసక కమ్మేది. నాతోపాటే మొదలుపెట్టినవాళ్లు అప్పటికి 8 కిలోమీటర్లు హాయిగా పోతున్నారు.

ఇంట్లో ఎవరూ తప్పుగా మాట్లాడలేదు. "ఇద్దరు పిల్లల తల్లివి. పొద్దున లేచినప్పటి నుంచి చాకిరీనే. ఆయాసం రాకుంటే ఏమొస్తాది మ్మే? ఆడోళ్లకు ఇది ఉండేదే" అనేది మా అత్త. ప్రేమగానే అనేది. నేనూ నమ్మాను. మధ్యాహ్నం 12 అయ్యేసరికి కళ్లు మూతలు పడటం, ల్యాబ్ మెట్లు ఎక్కితే రెండు నిమిషాలు నిలబడాల్సి రావడం, ఇవన్నీ పని ఎక్కువై వచ్చినవే అనుకున్నాను. ఇంకొకటి కూడా ఉండేది. వంటింట్లోకి పోయినప్పుడల్లా డబ్బాలోంచి గుప్పెడు పచ్చి బియ్యం నోట్లో వేసుకునేదాన్ని. చిన్నప్పుడు అలా తింటే "పెళ్లిలో వాన పడుతుంది" అని అమ్మ తిట్టేది. పెళ్లయి 15 ఏళ్లయినా ఆ అలవాటు పోలేదు, పైగా ఆ చలికాలంలో ఎక్కువైంది.

స్టేడియంలో పిల్లలకు పరుగు నేర్పే ఒక రిటైర్డ్ పీఈటీ సార్ ఉన్నారు. ఫిబ్రవరి మొదట్లో ఒకరోజు నన్ను ఆపి, "ఎంత నిదానంగా పోయినా సరేనమ్మా, పక్క మనిషితో మాట్లాడుతా పోగలగాల. నువ్వు పేరు కూడా చెప్పలేకుండావే" అన్నారు. మణికట్టు పట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టారు. 44 వచ్చింది, అంటే నిమిషానికి 176. నేను పరిగెత్తింది కిలోమీటరుకు 9 నిమిషాల చొప్పున, అది కాస్త గట్టి నడక కంటే ఎక్కువ కాదు. "ఈ మాత్రం దానికి ఇంత కొట్టుకోకూడదు. రక్తం చూపిచ్చుకున్నావా?" అని అడిగారు.

రోజుకు 60 మంది రక్తం తీసేదాన్ని నేను. నా రక్తం చూసుకుని ఐదేళ్లయింది, చిన్నోడు పుట్టినప్పుడు చూసిందే ఆఖరు. ఆ మాట విన్నాక ఇంటికి పోయేదాకా మనసు మనసులో లేదు.

ఆ రోజే మా ల్యాబ్‌లో అక్క చేత రక్తం తీయించుకున్నాను. హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. ఆడవాళ్లకు కనీసం 12 ఉండాలి. ఎర్రకణాల సైజు చెప్పే ఎంసీవీ 80కి పైన ఉండాల్సింది 70 దగ్గర ఉంది. మెషిన్ చెప్పింది చాలక స్లైడ్ మీద ఒక చుక్క పరిచి, కణాలు తేటగా కనిపించడానికి వేసే లీష్‌మన్ స్టెయిన్ అనే రంగు వేసి, మైక్రోస్కోప్ కింద నేనే పెట్టుకున్నాను. ఆరోగ్యంగా ఉన్న ఎర్రకణం గుండ్రంగా, నిండుగా ఉంటుంది. మధ్యలో మూడో వంతు మాత్రం కొద్దిగా పలచగా కనిపిస్తుంది. నావి చిన్నచిన్నగా, చుట్టూ సన్నటి గులాబీ అంచు మాత్రం మిగిలి, లోపలంతా వెలిసిపోయి ఉంగరాల్లా ఉన్నాయి. కొన్నయితే పెన్సిల్ ముక్కల్లా సాగి ఉన్నాయి. ఇలాంటి స్లైడ్లు ఎన్ని చూశానో లెక్కలేదు. వేరే పేర్లున్న కాగితాల మీద ఎన్నోసార్లు రిపోర్టు టైప్ చేశాను. కింద నా పేరు రాసుండటం చూసి చాలాసేపు కన్ను తీయలేకపోయాను. మూడు నెలలుగా నేను తిట్టుకున్నది నా మనసుని, నా కాళ్లని. అవి ఏ తప్పూ చేయలేదు. వాటికి ఆక్సిజన్ మోసుకుపోయే బండ్లే సగం ఖాళీగా తిరుగుతున్నాయి.

డాక్టరమ్మ నెలసరి గురించి వివరంగా అడిగారు, స్కానింగ్ చేయించారు. ఎర్రకణాలు చిన్నవైనంత మాత్రాన ఐరన్ లోపమని తేల్చకూడదు, తల్లిదండ్రుల నుంచి వచ్చే తలసీమియా ట్రెయిట్ అనే రక్తలోపం ఉన్నా అలాగే కనిపిస్తాయి. అందుకే ఫెరిటిన్ కూడా చూశాం. అది శరీరం దాచుకున్న ఐరన్ ఎంతుందో చెబుతుంది. 15 కంటే తగ్గితే నిల్వ అయిపోయినట్టే. నాది 6. నెలసరిలో పోయేది ఎక్కువ, తిండిలో వచ్చేది తక్కువ, ఏళ్ల తరబడి అదే లెక్క. పచ్చి బియ్యం తినాలనిపించడం కూడా దీని లక్షణమేనని ఆమె చెప్పినప్పుడు ఒక్కసారిగా మా అమ్మ, మా పెద్దమ్మ, బడిలో నాతో చదువుకున్న సగం మంది ఆడపిల్లలు కళ్ల ముందుకొచ్చారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆ అంకె నాకు ముందే తెలుసు. అందులో నేనూ ఉన్నానని మాత్రం తెలియదు.

మాత్రలు రోజు విడిచి రోజు రాశారు. రోజూ వేసుకుంటే త్వరగా ఎక్కుతుంది కదా అని అడిగాను. ఒక మాత్ర పడగానే లివర్‌లో హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి పేగుల్లో ఐరన్‌కి గేటు వేసేస్తుందట, మర్నాడు వేసుకున్నది తక్కువే ఒంటికి పడుతుంది. గట్టిగా పరిగెత్తినా మూడు నుంచి ఆరు గంటల తర్వాత ఇదే హార్మోన్ పెరుగుతుంది. అందుకని పరుగు అయిన కొన్ని గంటలకు కాకుండా, పొద్దున లేవగానే ఖాళీ కడుపున, నిమ్మకాయ నీళ్లతో వేసుకున్నాను. కష్టమైంది టీ దగ్గర. లేవగానే టీ తాగకపోతే నాకు రోజు మొదలైనట్టే ఉండదు. టీలో ఉండే టానిన్ ఐరన్‌ని పట్టేసుకుంటుంది కాబట్టి రెండు గంటలు ఆగాల్సిందే. ఆ రెండు గంటలు నాకు 18 కిలోమీటర్ల పరుగు కంటే కష్టంగా గడిచాయి. తోటకూర, గోంగూర ఎంత తిన్నా ఆకుకూరల్లోని ఐరన్ ఒంటికి పట్టేది తక్కువే. వారానికి రెండుసార్లు మటన్ లివర్ వేపుడు, మిగతా రోజుల్లో ఉలవలు, నువ్వులు, బెల్లం, వాటితోపాటు ఏదో ఒక పులుపు.

ఆరు వారాలు పరుగు ఆపమన్నారు, నడక మాత్రమే. మార్చి ఆఖరుకు హిమోగ్లోబిన్ 10.8. మే మొదటి వారానికి 12.1. ఆ రోజు రిపోర్టు మా అత్తకు చూపించాను. ఆమె ఏమీ అనలేదు. మర్నాడు నేను డ్యూటీకి బయలుదేరుతుంటే చెప్పులేసుకుని, "నాకూ చూడు మ్మే" అని వెంట వచ్చింది. ఆమెకు 10.1 ఉంది. ఆ వయసులో ఎందుకు తగ్గిందో వేరేగా వెతకాలని డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించారు. ఇప్పుడు మా ఇంట్లో నిమ్మకాయ నీళ్లు రెండు గ్లాసుల్లో కలుపుతున్నాం.

అసలు శిక్షణ మేలో మొదలైంది, మా ఊరి ఎండల్లో. పగలు 42 డిగ్రీలు, తెల్లవారుజామున కూడా ఉక్క. 4:30కే బయలుదేరేదాన్ని, వెనకాల మా ఆయన స్కూటీ మీద నీళ్ల సీసాలతో. పీఈటీ సార్ ఒక కాగితం మీద రాసిచ్చిన ప్రకారం మంగళవారం, శనివారం 5 కిలోమీటర్లు నిదానంగా. గురువారం స్టేడియంలో 400 మీటర్లు కాస్త వేగంగా, మధ్యలో నడుస్తూ, ఆరుసార్లు. ఆదివారం లాంగ్ రన్. లాంగ్ రన్ 8 కిలోమీటర్లతో మొదలై వారానికి ఒక్కోటి పెరుగుతూ, ప్రతి నాలుగో వారం తగ్గుతూ ఆఖరికి 18 చేరింది. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ రోజుల్లో వేగం చూడొద్దని సార్ గట్టిగా చెప్పారు. నిజంగానే రెండు వారాల తర్వాత చెమట తొందరగా పట్టడం మొదలైంది, తల తిరగడం పోయింది.

ఒక ఆదివారం పరుగుకు ముందూ తర్వాతా తూకం చూసుకున్నాను. 12 కిలోమీటర్లకు 1.4 కిలోలు తగ్గాను. అదంతా నీళ్లే. నల్ల టీషర్టు వీపు మీద తెల్లటి ఉప్పు చారలు మ్యాపు గీసినట్టు ఎండిపోయి ఉన్నాయి. ఉత్త నీళ్లే ఎక్కువగా తాగితే రక్తంలో సోడియం పల్చబడుతుందని మా పని చేసేవాళ్లకు తెలుసు. అప్పటి నుంచి ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ సరిగ్గా లీటరు నీళ్లలో కలిపి రెండు సీసాల్లో పోసుకునేదాన్ని.

ఆదివారం దారి నాకు బాగా ఇష్టం. సి క్యాంపు నుంచి రాజ్‌విహార్, కొండారెడ్డి బురుజు, అక్కడి నుంచి కేసీ కెనాల్ గట్టు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు అందుకుని కడప దాకా పోయే కాలువ అది. మే, జూన్‌లలో అడుగంటి, బీటలు వారి, తుమ్మచెట్లు, కుక్కలు తప్ప ఏమీ ఉండేవి కావు. వానలు పడ్డాక ఒక ఆదివారం చీకట్లో పోతుంటే పక్కన ఏదో చప్పుడు. ఎవరైనా వస్తున్నారేమోనని ఆగాను. టార్చి వేసి చూస్తే కాలువలో ఎర్రటి కొత్త నీళ్లు, చెత్తా చెదారం తోసుకుంటూ ముందుకు పోతున్నాయి. ఆ రోజు 15 కిలోమీటర్లు పోయాను, మా ఆయనతో మాట్లాడుతూ. ఇంటికొచ్చాక గానీ ఆ సంగతి తట్టలేదు, ఆయన స్కూటీ మీద ఉన్నాడు, నేను పరిగెత్తుతున్నాను, దారంతా పిల్లాడి ఫీజు గురించి మాట్లాడుకున్నాం.

హైదరాబాద్ రూటులో ఫ్లైఓవర్లు ఎక్కువని చెల్లి చెప్పింది కాబట్టి జూలైలో నాలుగు వారాలు జగన్నాథ గట్టు అనే కొండకు పోయాను. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి తప్పించి తెచ్చిన రూపాల సంగమేశ్వరుడి గుడి అక్కడే ఉంది. ఎక్కేటప్పుడు చిన్న అడుగులు, చూపు పది గజాల ముందు మాత్రమే. దిగేటప్పుడు మోకాళ్లు జాగ్రత్త. ఆఖరి రెండు వారాలు దూరం సగానికి సగం తగ్గించాను. బూట్లు కొత్తవి కొనలేదు, అలవాటైనవే. వేలికీ వేలికీ మధ్య వాజలిన్. ఇంతకు మించి రహస్యాలేమీ లేవు.

రేసుకు ముందు రోజు బస్సులో హైదరాబాద్ చేరాను. రాత్రి అన్నం, పప్పు, పెరుగు. పొద్దున చీకట్లో వేలమంది మధ్య నిలబడితే చేతులు వణికాయి, ఆ టెన్షన్ దాచుకోలేకపోయాను. చెల్లి చెయ్యి పట్టుకుంది. మొదటి 5 కిలోమీటర్లు అందరూ దాటుకుపోతుంటే సార్ మాట గుర్తు పెట్టుకుని మాట్లాడగలిగే వేగంలోనే ఉన్నాను. 17వ కిలోమీటరు దగ్గర ఒక ఎత్తు వచ్చింది. ఊపిరి గట్టిగా ఎగదోసింది. ఫిబ్రవరిలో స్టేడియంలో వచ్చిన ఆయాసం నాకు బాగా గుర్తుంది. ఆ ఆయాసంలో కాళ్లు ముందే చచ్చిపోయేవి. ఇప్పుడు ఊపిరి కష్టపడుతోంది గానీ కాళ్లు చెప్పినట్టు వింటున్నాయి. ఎక్కుతూ ఏడ్చాను. పక్కన పోతున్న ఒక పెద్దాయన భయపడి, "ఏమ్మా, నొప్పా?" అని అడిగారు. "లేదు సార్, బాగుంది" అన్నాను. పూర్తిగా వినిపించేలా, ఆగకుండానే చెప్పగలిగాను.

గచ్చిబౌలి స్టేడియంలోకి వచ్చేసరికి వాచీలో 2 గంటల 38 నిమిషాల 14 సెకన్లు. చెల్లి నాకంటే 11 నిమిషాల ముందే వచ్చి గేటు దగ్గర నిలబడి ఉంది.

సోమవారం 7 గంటలకు డ్యూటీ. పరుగుకు వారం ముందు చూసుకున్న హిమోగ్లోబిన్ 12.6, ఫెరిటిన్ 31. నిల్వ ఇంకా పెరగాలి కాబట్టి అక్టోబరు దాకా మాత్రలు ఆపొద్దని డాక్టరమ్మ చెప్పారు. ఇంకా రెండు షీట్లు మిగిలున్నాయి. వచ్చే ఆదివారం 8 కిలోమీటర్లే, కెనాల్ గట్టు మీద. మా ల్యాబ్‌లో రక్తం తీయించుకోవడానికి వచ్చి, మెట్లెక్కి పది నిమిషాలు కూర్చుండిపోయిన ఒక అమ్మాయి తనూ వస్తానంది. 10.4 ఉంది ఆమెకు. ముందు నడకే అని చెప్పాను.