నీళ్ల దగ్గరికి వెళ్లకు

మా పాపకి ఐదేళ్లు నిండిన వారానికి ఈత కొలను నుంచి మెయిల్ వచ్చింది. వెయిటింగ్ లిస్టులో మా వంతు వచ్చిందట, వచ్చే బుధవారం నుంచి క్లాసులు. చదివి ఫోన్ బోర్లా పెట్టేశాను. రెండు రోజులు మా ఆయనకు కూడా చెప్పలేదు.

నెదర్లాండ్స్‌లో ఉంటూ పిల్లలకు ఈత నేర్పించకపోతే కుదరదు. మేముండే ఆమ్‌స్టెల్‌వేన్‌లో ఎటు నాలుగడుగులు వేసినా కాలువే. స్కూలు వెనక కాలువ, పార్కు పక్కన కాలువ, కూరగాయలకు వెళ్లే దారిలో కాలువ. చాలావాటికి గోడ గానీ కంచె గానీ ఉండదు. ఎండాకాలంలో నీటి మీద సన్నటి పచ్చటి ఆకులు దట్టంగా అల్లుకుని అచ్చం పచ్చిక బయలులా కనిపిస్తాయి. మన కృష్ణా డెల్టా కాలువల్లో గుర్రపు డెక్క చూసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పెద్దవాళ్లకి దాని కింద నీళ్లున్నాయని తెలుసు. మూడేళ్ల పిల్లకి అది గడ్డే. మాకు దగ్గర్లోని స్కిపోల్ విమానాశ్రయం ఉన్నచోట ఒకప్పుడు పెద్ద సరస్సు ఉండేది. 1852 నాటికి దాన్ని తోడి నేల చేశారు. ఇప్పటికీ ఆ నేల సముద్ర మట్టం కంటే మూడు నాలుగు మీటర్లు కిందే ఉంటుంది. విమానం దిగే ప్రతిసారీ నాకు ఆ సంగతే గుర్తొచ్చేది.

నా భయం మాత్రం ఇక్కడ పుట్టింది కాదు.

మా అమ్మది దివిసీమ. కోడూరు వైపు ఒక పల్లెటూరు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆమెకు పన్నెండేళ్లు. ఆ ఉప్పెనలో చనిపోయినవాళ్లు పది వేలకు తక్కువ కాదంటారు. వాళ్లలో అమ్మ తమ్ముడు ఒకడు. అమ్మ ఒక తుమ్మ చెట్టు పట్టుకుని బతికింది. ఈ రెండు మాటలకు మించి ఆ రాత్రి గురించి ఆమె ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. కానీ ఆ రాత్రి మా ఇంట్లోనే ఉండేది. బక్కెట్‌లో నీళ్లు పట్టి వదిలేస్తే అమ్మ పారబోసేది. అవనిగడ్డలో కాలువ గట్టు మీదుగా నడవాల్సి వస్తే మా ఇద్దరినీ చెరో చేత్తో లాక్కుని రోడ్డుకు అవతలి వైపుకి దాటేసేది. 2004లో కృష్ణా పుష్కరాలకు వెళ్తే నన్ను మెట్టు దిగనివ్వలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి పై మెట్టు మీదే నెత్తిన పోసింది. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. ఎవరో సిద్ధాంతి నాకు నీటి గండం ఉందని కూడా చెప్పాడట. చెప్పకపోయినా పెద్ద తేడా ఉండేది కాదనుకుంటా.

‘నీళ్ల దగ్గరికి వెళ్లకు’ అనే మాట విననిదే నా చిన్నతనంలో ఒక్క రోజు కూడా గడవలేదు. అది ప్రేమే. ఆ సంగతి ఇవాళ మరీ బాగా తెలుసు.

ఇక్కడి కొలనుల్లో తల్లిదండ్రుల్ని నీళ్ల పక్కకి రానివ్వరు. పిల్లల్ని లోపలికి పంపి అద్దాల అవతల క్యాంటీన్‌లో కూర్చోవాలి. క్లోరిన్ వాసన, వేయించిన బంగాళాదుంపల వాసన, బూట్లకు తొడుక్కున్న నీలం ప్లాస్టిక్ సంచుల చప్పుడు. మిగతా అమ్మలంతా కాఫీ తాగుతూ కబుర్లు చెప్పుకునేవాళ్లు. నేను మా పాప తువ్వాలు రెండు చేతులతో పట్టుకుని అద్దానికి ఆనుకుని నిలబడేదాన్ని. పాప తల నీళ్లలో మునిగి మళ్లీ పైకి వచ్చేదాకా నాకూ ఊపిరి ఆడేది కాదు.

ఆరు వారాల తర్వాత టీచరు నన్ను పక్కకు పిలిచింది. మీ అమ్మాయికి అన్నీ వస్తున్నాయి, కానీ దూకే ముందు ప్రతిసారీ అద్దం వైపు మీ మొహం చూస్తోంది, చూశాక ఆగిపోతోంది అంది. కోపంగా అనలేదు, మెల్లగానే చెప్పింది. ఆ మాట ఎంత నిజమో మరుసటి బుధవారం తెలిసింది. ఆ రోజు తల్లిదండ్రులు లోపలికి వచ్చి చూసే రోజు. అంచున నిలబడి దూకబోతున్న ఒక డచ్ పిల్లాడి మోచెయ్యి పట్టుకుని మా పాప, వాడికి ఒక్క ముక్క అర్థం కాదని మర్చిపోయి, తెలుగులో గట్టిగా ‘వద్దు, జారతావ్, పడిపోతావ్!’ అంటోంది. గొంతు పాపదే. మాట నాది. నాకంటే ముందు మా అమ్మది. ఆ యాస, చివర్న సాగదీయడం కూడా మా అమ్మదే. దివిసీమ పేరు కూడా తెలియని పిల్ల నోట ఆ మాట విని నా కాళ్లలో సత్తువ పోయింది.

ఆ రాత్రే మా ఆయనతో, నేనూ నేర్చుకుంటాను అని చెప్పాను.

గురువారం సాయంత్రం పెద్దవాళ్ల క్లాసు. ఎనిమిది మందిమి. అందరం వేరే దేశాల నుంచి వచ్చినవాళ్లమే. స్విమ్ సూట్ వేసుకుని పదిమందిలో నడవడం ఒక భయం. మోకాళ్ల దాకా, మోచేతుల దాకా ఉండేది కొనుక్కుని అది ఎలాగో దాటాను. అసలు కష్టం మొహం నీళ్లలో పెట్టడం. నీళ్లు నా నడుము దాకానే ఉన్నాయి, కాళ్లు నేల మీదే ఉన్నాయి, చేతులు కమ్మీ పట్టుకునే ఉన్నాయి. అయినా గడ్డం నీటికి తగిలేసరికి మెడ దానంతటదే వెనక్కి పోయేది. మూడు వారాలు ఆ ఒక్క పనే చేశాను. మొదటి వారం పెదాల దాకా, రెండో వారం ముక్కు దాకా, మూడో వారం కళ్లు. నీళ్లలో ఊపిరి బుడగలుగా వదలాలి. వదులుతున్నంతసేపూ ముక్కులోకి నీళ్లు రావు. ఇంత చిన్న సంగతి నలభై ఏళ్లు వస్తున్నా నాకు తెలియదు.

తర్వాత తేలడం. టీచరు నా తల కింద ఒక అరచెయ్యి మాత్రం పెట్టి పడుకోమంది. నేను తల ఎత్తాను, కాళ్లు మునిగాయి. కాళ్లు మునిగేసరికి ఇంకా భయపడి తల ఇంకా ఎత్తాను. భయపడ్డ మనిషి చేసే మొదటి పని తల ఎత్తడమేనని, మనిషిని ముంచేది కూడా అదేనని ఆమె చెప్పింది. చెవులు నీళ్లలోకి వెళ్లేదాకా తల వెనక్కి వదిలేయాలి, ఊపిరితిత్తుల నిండా గాలి ఉంచుకోవాలి, అంతే. ఎన్నోసారో లెక్క లేదు, ఒకసారి వదిలేశాను. చెవుల్లోకి నీళ్లు రాగానే బయటి గోల మొత్తం ఆగిపోయింది. నా గుండె చప్పుడు ఒక్కటే వినిపించింది. పైన కప్పుకి ఉన్న ట్యూబ్ లైట్లు వరసగా కనిపించాయి. కాసేపటికి చూస్తే ఆమె చెయ్యి నా తల కింద లేదు.

భయం పోయిందని చెప్పను. ఇప్పటికీ లోతు వైపుకి వెళ్లేటప్పుడు కడుపులో తిప్పుతుంది. కానీ ఇంట్లో నా మాట మారింది. మెట్లెక్కినా చెట్టెక్కినా ‘పడతావ్’ అనేదాన్ని. ఆ మాట నోటిదాకా వచ్చినప్పుడు ఆపి, ‘ఇప్పుడు చెయ్యి ఎక్కడ పెడతావ్?’ అని అడగడం అలవాటు చేసుకున్నాను. పాప చుట్టూ చూసి, కొమ్మ వెతుక్కుని పట్టుకుంటుంది. బుధవారాలు క్యాంటీన్‌లో అద్దానికి వీపు పెట్టి కూర్చున్నాను. అది అన్నింటికంటే కష్టమైంది.

అమ్మకి ఇవేవీ ఫోన్‌లో చెప్పలేదు. వేసవిలో మూడు నెలల వీసా మీద వచ్చినప్పుడు చెప్పక తప్పలేదు. ‘పిల్లని నీళ్లలోకి దింపావా? ఎవరు చెప్పారే నీకు?’ అంది. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మా పక్కింటి పెద్దావిడది జీలాండ్, ఈ దేశంలోనే సముద్రం పక్కనున్న ప్రాంతం. 1953 జనవరి 31 రాత్రి అక్కడ సముద్రం కట్టలు తెంచుకుని ఊళ్ల మీద పడినప్పుడు ఆవిడకి ఆరేళ్లు. ఆ వరదలో ఈ దేశంలో 1,836 మంది పోయారు. ఒక సాయంత్రం టీకి వచ్చినప్పుడు, అమ్మది ఎక్కడని అడిగితే చెప్పాను. ఆవిడ కప్పు కింద పెట్టి, మేము అటక మీదకి ఎక్కాం అంది. నేను తెలుగులో చెప్పాను. అమ్మ కాసేపు ఊరుకుని, ‘తుమ్మ చెట్టు. ముళ్లు గుచ్చుకున్నా వదల్లేదు’ అంది. ముళ్ల సంగతి నాకు అప్పుడే తెలిసింది. నీళ్లు తీసిన ఏడాదే వాళ్ల నాన్న పిల్లలందరినీ ఈతకు పంపాడని ఆవిడ చెప్పింది. అది విని మనవాళ్లని తప్పు పట్టాలని నాకు అనిపించలేదు. ఉప్పెనలో ఈత ఏం చేస్తుంది? ఆ రోజు కావలసింది ముందస్తు హెచ్చరిక, ఎత్తయిన పక్కా భవనం. 1990 మే తుపానుకి అవి ఉన్నాయి. నాకు ఐదేళ్లు, స్కూలు బిల్డింగులో అమ్మ ఒళ్లో కూర్చున్నట్టు లీలగా గుర్తు. ఆ తుపానూ పెద్దదే, అయినా లక్షల మందిని ముందే తరలించబట్టి చావులు ఉప్పెన నాటితో పోలిస్తే ఎంతో తక్కువ. కానీ కాలువలో జారిన పిల్లకి హెచ్చరిక ఎవరూ ఇవ్వరు.

జులైలో పాపకి ఈతలో ‘ఎ’ డిప్లొమా పరీక్ష. అమ్మ వస్తానంటుందని అనుకోలేదు, వచ్చింది. ఇక్కడ ఎ, బి, సి అని మూడు డిప్లొమాలుంటాయి. మొదటి దానికే పిల్లలు బట్టలు, బూట్లతో నీళ్లలోకి దూకాలి. ఎందుకట అని అమ్మ అడిగింది. కాలువలో పడేవాళ్లు స్విమ్ సూట్‌లో పడరు కదమ్మా అన్నాను. అమ్మ తల ఊపి, చాలా నెమ్మదిగా, ‘వాడికి ఆ రోజు కొత్త చొక్కా. తడిసి బరువెక్కింది’ అంది. ఉప్పెన వచ్చిన నలభై ఏడేళ్లకు, మామయ్య గురించి ఆమె నోట నేను విన్న రెండో మాట అది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. కొలనులో పాప టీ షర్టు, నిక్కరు, బూట్లతో అంచున నిలబడి ఉంది.

అద్దం వైపు చూడలేదు. దూకింది. నీళ్లలోనే నిలబడి కాళ్లాడించింది, బోర్లా ఈదింది, వెల్లకిలా తిరిగి ఈదింది. తర్వాత బట్టలు మార్చుకుని, నీళ్లలో వేలాడదీసిన టార్పాలిన్‌కి ఉన్న కన్నంలోంచి దూరాలి, 3 మీటర్లు నీటి అడుగునే వెళ్లాలి. పాప మునిగింది. నేను లెక్కపెట్టాను. అమ్మ కళ్లు మూసుకోలేదు. టార్పాలిన్ అవతల నల్లటి జుట్టు పైకి తేలేసరికి నా చేతిలో అమ్మ గోళ్లు దిగిపోయి ఉన్నాయి.

సాయంత్రం వంటింట్లో పప్పుకి తాలింపు వేస్తుంటే కిటికీలోంచి ఇద్దరూ కనిపించారు. పార్కు నుంచి కాలువ వెంట ఇంటికి వస్తున్నారు. డిప్లొమా కాగితం పాప చేతిలోనే ఉంది. అమ్మ రోడ్డు దాటి అవతలి వైపుకి వెళ్లలేదు. పాపని లోపలి వైపు ఉంచి, నీళ్ల వైపు తను నడుస్తోంది.