17 కాల్స్, ఒక తెల్లకాగితం: నా థెరపీ అనుభవం

ఏడాది డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, ఉప్పెనలా వచ్చే భావాల్ని అదుపు చేసుకోవడం నేర్పే సైకోథెరపీ) నిన్నటితో పూర్తయింది. మర్చిపోకముందే రాసేస్తున్నా.

నాది బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్, అంటే భావాలు అదుపు తప్పి, అయినవాళ్లు వదిలేస్తారన్న భయం వెంటాడే మానసిక సమస్య. 9 లక్షణాల్లో 5 ఉంటే ఆ పేరు పెడతారు, నాకు 7 తేలాయి. అంతకుముందు చూసిన డాక్టరు బైపోలార్ అనుకుని మూడేళ్లు మందులు మారుస్తూ పోయాడు. బైపోలార్‌లో ఒక మూడ్ రోజులూ వారాలూ నిలుస్తుంది. నాది గంటల్లో తలకిందులయ్యేది, అదీ ఎవరైనా ఒక మాట అన్నాకే. ఆ సంగతే ఆయన అడగలేదు. పైగా మా అక్కతో "ఇదంతా డ్రామా" అన్నాడు. ఆ మాట అన్న డాక్టరు గుమ్మం మళ్లీ తొక్కకండి. ఈ జబ్బుకంటూ ఆమోదించిన మందేదీ లేదు, అసలు చికిత్స సైకోథెరపీయే. అలాగని వాడుతున్న మందులు సొంతంగా ఆపేయకండి.

వారానికో సెషన్, వారానికో గ్రూపు క్లాసు, రోజూ డైరీ కార్డు. వీటికి అలవాటుపడ్డా. నన్ను కుదిపేసింది చైన్ అనాలిసిస్, అంటే జరిగినదాన్ని మెట్టుమెట్టుగా విడదీసి చూడటం.

ఒక రాత్రి అక్క ఫోనెత్తలేదు. 17 సార్లు చేశా. ఎత్తాక నోటికొచ్చినట్టు తిట్టా. థెరపిస్టు ఓదారుస్తుందని చెప్పుకుంటే, ఆవిడ తెల్లకాగితం మీద గళ్లు గీసింది.

"మొదటి కాల్‌కీ రెండోదానికీ మధ్య ఏమైంది?"

"ఏం లేదండీ."

"ఒంట్లో ఎలా ఉంది? మనసులో ఏ మాట మెదిలింది?"

ముందురోజు ఎంతసేపు నిద్రపోయానో కూడా రాయించింది. మూడో గడి దగ్గర ఏడుపు తన్నుకొచ్చింది. "నన్ను దోషిలా నిలబెడుతున్నారు" అని అరిచా. ఆవిడ గొంతు పెంచలేదు, కాగితమూ తీయలేదు. "నీ భయం నిజమే. ఈ గడి కూడా నింపుదాం" అంది. అక్కడ దొరికింది: 'అక్క కూడా నన్ను వదిలేసింది.' మూడో కాల్‌కే అది నాకు ఖాయమైపోయింది. మిగతా 14 కాల్స్ ఆ భయం చేసినవే.

సిగ్గుతో వారమంతా తలెత్తలేకపోయా. మానేద్దామనుకున్నా. డీబీటీని రూపొందించిన సైకాలజిస్టు మార్షా లినెహాన్, చిన్న వయసులో తానూ మానసిక చికిత్సాలయంలో గడిపానని 2011లో బయటపెట్టారు. అది చదివాకే మళ్లీ వెళ్లా.

మొన్న అక్క ఫోనెత్తలేదు. ఛాతీ బిగిసింది, ఆ పాత మాటే మెదిలింది. ఊపిరి బిగబట్టి చన్నీళ్లలో ముఖం ముంచా. గుండె వేగం నెమ్మదిస్తుంది (గుండె జబ్బున్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఇది చేయొద్దు). రెండోసారి ఫోన్ చేయలేదు.

గంటకి తనే చేసింది. "నిద్రపట్టేసిందే, ఏంటి సంగతి?" అంది.