గేమింగ్ పీసీ కొనేముందు నేను చూసుకున్నవి

గేమింగ్ పీసీ కట్టుకుంటున్నానని చెప్పగానే అందరూ అడిగిన మొదటి ప్రశ్న "ఏ గ్రాఫిక్స్ కార్డు?" అనే. నేను మాత్రం మానిటర్‌తో మొదలుపెట్టాను. 1440పీ (నిలువుగా 1440 చుక్కలు) స్క్రీన్, 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చేది) అని ముందే తేల్చుకున్నాను. దాంతో మిగతా లెక్కలు సులువయ్యాయి. రిజల్యూషన్ పెరిగేకొద్దీ భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది. 1080పీలో సెట్టింగులు తగ్గించి వందల ఫ్రేములు కావాలనుకునేవాళ్లకు ప్రాసెసర్ ముఖ్యం. నేను ఆడేవి ఎక్కువగా కథ ఉన్న పెద్ద గేమ్‌లు కాబట్టి బడ్జెట్‌లో పెద్ద వాటా కార్డుకే ఇచ్చాను.

కార్డు విషయంలో పేరు చూసి ఆగిపోకూడదు. జీటీఎక్స్ 1060 వచ్చిన రోజుల్లో 3 జీబీ, 6 జీబీ రకాలకు మెమరీలోనే తేడా అని చాలామంది అనుకున్నారు. నిజానికి చిన్నదాంట్లో కోర్లు (లెక్కలు చేసే భాగాలు) కూడా 1152 మాత్రమే, పెద్దదాంట్లో 1280. జీటీ 1030కి డీడీఆర్4 మెమరీతో ఒక రకం వచ్చింది, దాని బ్యాండ్‌విడ్త్ (సెకనుకు అందించగల డేటా) జీడీడీఆర్5 రకంలో సగం కూడా లేదు. ఈ పాత సంగతులు తెలుసు కాబట్టి ప్రతి కార్డుకూ కోర్లు, మెమరీ రకం, బస్ వెడల్పు (చిప్‌కు, మెమరీకి మధ్య దారి ఎంత వెడల్పో) విడిగా రాసుకున్నాను. మెమరీ 12 జీబీకి తక్కువున్నవి పక్కన పెట్టేశాను. రివ్యూల్లో సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) కంటే "1% లో" (1% low, అంటే అన్నిటికంటే నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల వేగం) అనే అంకెనే నమ్మాను, ఆట మధ్యలో వచ్చే కుదుపులు బయటపడేది అక్కడే.

ప్రాసెసర్ దగ్గర పెద్దగా ఆలోచించలేదు. రైజెన్ 5 7600కి 6 కోర్లు, 12 థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనులు), 65 వాట్లు. నా కార్డుకు అది చాలు. 96 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) ఉన్న 7800ఎక్స్3డీ గేముల్లో ఇంకా వేగంగా ఉంటుంది, కానీ 1440పీలో ఆ తేడా కోసం కార్డులో ఒక మెట్టు దిగడం నాకు ఇష్టం లేదు.

ఎక్కువ సమయం పెట్టింది పవర్ సప్లై మీద. మిగతా అన్నిటికీ కరెంటు అందించేది అదే, అయినా ఎక్కువమంది చివర్లో మిగిలిన డబ్బుతో కొనేదీ అదే. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. 80 ప్లస్ గోల్డ్ అనే ముద్ర నాణ్యతకు గుర్తు అనుకుంటారు. అది చెప్పేది గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా కాకుండా లోపలికి అందుతుందో మాత్రమే. 12 వోల్ట్ లైన్ ఎంత నిలకడగా ఉంటుందో, షార్ట్ సర్క్యూట్ అయితే, లోడ్ మితిమీరితే సరిగ్గా ఆగిపోతుందో లేదో ఆ ముద్ర చెప్పదు. అందుకే విప్పి చూపించి, లోడ్ పెట్టి కొలిచిన రివ్యూలు ఉన్న మోడళ్లనే లెక్కలోకి తీసుకున్నాను. లేబుల్ మీద 12 వోల్ట్ ఆంపియర్లు చూశాను: 54 ఆంపియర్లు ఉంటే 648 వాట్లు, అంటే 650 వాట్ల యూనిట్ దాదాపు మొత్తం శక్తిని కార్డు, ప్రాసెసర్ వాడుకునే లైన్‌కే ఇవ్వగలుగుతోంది. ఇప్పటి కార్డులు రెప్పపాటు కంటే తక్కువ సేపు మామూలు వాడకం కంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతాయి. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఆ కుదుపులను తట్టుకోవాలని చెబుతుంది కాబట్టి అది ఉన్నదే తీసుకున్నాను. వారంటీ పదేళ్లు.

ఈలోగా ఒక స్నేహితుడు తన పాత పవర్ సప్లైతో వచ్చిన కేబుళ్లు ఇస్తానన్నాడు. "కేబుల్ కేబులే కదా రా, పెట్టెయ్" అన్నాడు. వద్దన్నాను. మాడ్యులర్ (విడిగా ఊడదీయగల) కేబుళ్లలో పవర్ సప్లై వైపు పిన్నుల అమరిక కంపెనీని బట్టి, ఒక్కోసారి మోడల్‌ను బట్టి మారుతుంది. ప్లగ్ సరిగ్గా దూరినా వోల్టేజ్ తప్పు పిన్నుకు వెళ్లి డ్రైవ్‌లు కాలిపోవచ్చు. ఈ ఒక్క మాట అందరికీ తెలియాలి.

ర్యామ్ వేగంలో 6400 అంటే 6000 కంటే మంచిదే అనిపిస్తుంది. కానీ 6000 సీఎల్30కి (సీఎల్ అంటే డేటా అందడానికి పట్టే క్లాక్‌ల సంఖ్య) లేటెన్సీ, అంటే ఆ ఆలస్యం, 10 నానోసెకన్లు, 6400 సీఎల్40కి 12.5. నేను మొదటిదే, 16 జీబీ స్టిక్కులు రెండు తీసుకున్నాను. ఎస్ఎస్‌డీలో టీఎల్‌సీ చిప్‌లు (ఒక్కో సెల్‌లో మూడు బిట్లు దాచేవి) ఉన్నాయని స్పెసిఫికేషన్‌లో స్పష్టంగా రాసి ఉంటేనే కొన్నాను. అదే మోడల్ పేరుతో తర్వాతి బ్యాచుల్లో లోపలి చిప్‌లు మార్చేసిన సందర్భాలు ఈ రంగంలో ఉన్నాయి, అందుకే కొత్త రివ్యూలు చదివాను. మదర్‌బోర్డుకు వీఆర్ఎం (ప్రాసెసర్‌కు వోల్టేజ్ సరిచేసి ఇచ్చే భాగం) మీద హీట్‌సింక్, ప్రాసెసర్ లేకుండానే బయోస్ (పీసీ ఆన్ కాగానే నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసే బటన్ ఉండాలనుకున్నాను. క్యాబినెట్‌కు ముందు వైపు జాలీ, కార్డు పొడవుకు సరిపడా చోటు ఉంటే చాలు.

అన్నీ బిగించి మొదటిసారి ఆన్ చేస్తే స్క్రీన్ నల్లగానే ఉండిపోయింది. డీడీఆర్5 ర్యామ్ మొదటిసారి మెమరీ ట్రైనింగ్‌కు (టైమింగ్ సరిచూసుకోవడానికి) కొన్ని నిమిషాలు తీసుకుంటుందని చదివి ఉన్నా టెన్షన్ తప్పలేదు. స్విచ్ ముట్టుకోకుండా కూర్చున్నాను, కాసేపటికి దానంతట అదే బయోస్ తెర వచ్చింది. అక్కడ ఎక్స్‌పో (ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంలో నడిపే సెట్టింగ్) ఆన్ చేశాను, లేకపోతే ర్యామ్ 6000కి బదులు తక్కువ వేగంలోనే నడిచేది. విండోస్‌లో రిఫ్రెష్ రేటు 60 దగ్గరే ఉంది, 144కి మార్చాను. రాత్రంతా మెమరీ టెస్ట్ నడిపాను, ఒక్క ఎర్రర్ రాలేదు. ఆ తర్వాత గ్రాఫిక్స్ కార్డు మీద పూర్తి లోడ్ పెట్టి వేడి గమనించాను. ఇవన్నీ రిటర్న్ గడువు లోపలే చేశాను, ఏదైనా భాగం తేడాగా అనిపిస్తే వెంటనే మార్పించుకోవడానికి. సీరియల్ నంబర్లు ఫొటో తీసి బిల్లులతో కలిపి దాచాను.