ఏ మందు?

"మందు రోజూ ఏస్కుంటున్నవా?" అని హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌ల కౌన్సిలర్ మేడం అడిగింది. ఏస్కుంటున్న అన్న. ఆమె నా డబ్బా బోర్లించి గోలీలు లెక్కవెట్టింది. పదకొండు ఎక్కువున్నయి. "మరి ఇవేంది?"

"మందు తాగిన రోజు మందు ఏస్కోలే మేడం."

ఆమెకు నవ్వాల్నో తిట్టాల్నో తెల్వలే.

మాది నిజామాబాద్ దిక్కు. బీడీలు చుడత. 2011ల మా ఆయన పోయినంక నాకూ హెచ్‌ఐవీ ఉన్నదని తేలింది. అప్పటి గోలీల ఎఫావిరెంజ్ అనే మందు ఉండె. రాత్రి మింగితే తల తిరుగుడు, పిచ్చి కలలు. నిద్ర కోసమని కల్లు మొదలువెట్టిన. మా దిక్కు ఆడోళ్లు కల్లు తాగితే వింతేం కాదు. కాని డిపోల పోసేది చెట్టు కల్లు కాదాయె, అల్ప్రాజోలం అనే నిద్రమత్తు మందు కలిపింది. ఒక్కపూట తాగకుంటే చేతులు వణికి తునికాకు మీద కత్తెర నిలవకపోయేది. తర్వాత డొలుటెగ్రావిర్ ఉన్న గోలీ ఇచ్చిండ్రు, కలలు పోయినయి. కల్లు పోలే. పైకెల్లి బెల్ట్ షాపు క్వార్టర్ తోడైంది.

రెండు మందులు కడుపుల కలిస్తే విషమైతదని మా వాడకట్టుల ఒకామె అంటే నమ్మిన. అందుకే తాగిన రాత్రి గోలీ బంద్. "నువ్వు తాగినా సరే, గోలీ మాత్రం ఆపకు" అని మేడం ఆ రోజే గట్టిగ చెప్పింది. అప్పటికే వైరల్ లోడ్, అంటే నెత్తురుల వైరస్ లెక్క, 8,400 ఉండె.

పది ప్రశ్నల కాయితం తీసింది. వారంల ఎన్నిసార్లు, ఒక్కసారికి ఎంత, పొద్దున లేవంగనే కావాలనిపిస్తదా. ఇన్నేండ్లల్ల నన్నెవరూ ఇది అడగలే. మొగోళ్లనైతే అడుగుతరు. ఆడదాన్ని అడిగితే అవమానమనుకుంటరో ఏమో. నేనూ చెప్పలే, తాగుతదని తెలిస్తే గోలీలు ఆపేస్తరని భయం. ఎవ్వరూ ఆపలే.

సర్కారు దవాఖానల మానసిక డాక్టర్ దగ్గరికి చీటీ రాసిచ్చింది. అక్కడ లైన్ల నిలవడితే ఒక నర్సు చీటీ చదివి "హెచ్‌ఐవీ కేసు ఇటు రా" అని కేకేసింది. 2017ల చట్టమొచ్చింది, ఒప్పుకోకుండ ఇట్ల బయటపెట్టొద్దని. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు సగం దూరం బస్టాండుకు నడిచిపోయి, మళ్ల తిరిగొచ్చిన.

డాక్టరమ్మ మంచిది. ఆమె తాగుడు తగ్గే గోలీ అనంగనే నాకు చెమట వట్టింది. మా మరిదికి ఇంట్లోళ్లు తెల్వకుండ కూరల కలిపిన గోలీ యాదికొచ్చింది. మీదికెల్లి తాగి సావుదాక పోయిండు. "అది డైసల్ఫిరామ్ అయి ఉంటది. ఇది నాల్ట్రెక్సోన్. కక్కించదు. తాగితే వచ్చే మజాను మెదడుకు అందనియ్యదు" అన్నది. నీ ఏఆర్‌టీ గోలీతోని పేచీ లేదన్నది. లివర్ పరీక్షల నంబర్లు మామూలుకు రెండింతలున్నయి, దీనికి పర్వాలేదట. నడుం నొప్పికి ఆరెంపీ ఇచ్చిన గోలీలు చూపిస్తే అందుల ట్రమడాల్ ఉన్నది. దాంతోని ఇది కలవొద్దట, ముందుగాల అది బంద్ చేయించింది.

కల్లు ఒక్కసారే ఆపితే ఫిట్స్ వస్తయని పది రోజులు దవాఖానల్నే వేరే గోలీలిచ్చి మెల్లగ తగ్గిచ్చుకుంట వచ్చింది, బీ1 విటమిన్ సూదులతోని. ఆ పది రోజులు నాకు సరిగ యాదికి లేవు.

అటెన్క 50 మిల్లీగ్రాములది రోజుకొకటి. సర్కారు కాడ లేదు, బయట కొన్న. పది గోలీల షీటు నాకు మూడు రోజుల కూలి. మొదటి వారం వికారం, తలనొప్పి. తిన్నంక ఏస్కుంటే తగ్గింది.

పదిహేనో రోజు ఆగలేక క్వార్టర్ తెచ్చుకున్న. సగం తాగిన. ఉప్పు లేని కూర లెక్కుంది. కోపమొచ్చింది, పైసలు దండుగైనయని. మూత పెట్టి బియ్యం డబ్బ పక్కన పెట్టిన. క్వార్టర్‌ల సగం మిగిలింది నా బతుకుల అదే మొదలు. పొద్దున లేచి రెండుసార్లు చూసిన, నిజంగ మిగిలిందా అని.

నాకే ఇట్లుందా అని డాక్టరమ్మనడిగిన. అమెరికాల మయామిల హెచ్‌ఐవీ ఉన్న 194 మంది ఆడోళ్ల మీద నాలుగు నెలలు చూసిండ్రట. కొందరికి ఈ గోలీ, కొందరికి మందు లేని ఉత్త గోలీ. ఉత్త గోలీ మింగినోళ్లు కూడ బాగ తగ్గించిండ్రట, ఈ గోలీ వాళ్లకు ఇంకింత జల్ది తగ్గిందట. ఉత్త గోలీకే తగ్గిందంటే, ఎవరో ఒకరు కూసోబెట్టి ఎంత తాగినవని అడిగినందుకేనని నాకనిపిస్తది. నా గోడ కేలండర్ మీద తాగిన రోజున గీత పెట్టుమన్నది మేడం. నెలకోసారి ఇద్దరం కలిసి లెక్కవెడతం. ఆ గీతలకే సగం భయం.

ఆరు నెలలకు వైరల్ లోడ్ చేయిస్తే "టార్గెట్ నాట్ డిటెక్టెడ్" అని వచ్చింది, అంటే పరీక్షల వైరస్ కనవడలే. గోలీ మిగులుడు లేదాయె మరి.

మొన్న పోచమ్మ పండుగకు సాక పోసిన. మా ఆడబిడ్డ చెట్టు కల్లు ఒక గ్లాసు చేతుల పెట్టింది, కాదనలే. ఇంటికొచ్చి అన్నం తిని, రాత్రి గోలీ మింగి, కేలండర్ మీద ఒక గీత పెట్టిన.