నా 21వ రోజు పరీక్ష

రిపోర్టులో ప్రొజెస్టెరాన్ (అండం విడుదలైందో లేదో తెలిపే హార్మోను) 0.6 అని ఉంది. పక్కన నాలుగు వరసల్లో రేంజులు: ఫాలిక్యులర్ (అండం విడుదలకి ముందు), ఓవ్యులేషన్ (విడుదలప్పుడు), ల్యూటియల్ (విడుదలయ్యాక), మెనోపాజ్ తర్వాత. నాది ఏ వరసో తెలియక నాలుగూ చదివాను. నా అంకె చివరి వరసకి దగ్గర్లోనే కనిపించింది. ఇక ఆ రాత్రి నిద్రపడితే ఒట్టు.

చీటీలో "21వ రోజు ప్రొజెస్టెరాన్" అని రాశారు. నెలసరి మొదలైన రోజుని ఒకటిగా పెట్టుకుని వేళ్ల మీద లెక్కేసి, సరిగ్గా 21న రక్తం ఇచ్చొచ్చాను. పరగడుపున రానక్కర్లేదన్నారు. నేను చేసిన తప్పేమీ లేదు కాబట్టి లోపం ఒంట్లోనే ఉందని, నాకు అండం విడుదల కావట్లేదని నేనే తేల్చేసుకుని మా ఆయనకి కూడా చెప్పేశాను.

రిపోర్టు తీసుకుని ఇంకో డాక్టరు గారి దగ్గరికి వెళ్తే ఆవిడ అంకె సంగతే ఎత్తలేదు. "నెలసరి ఎన్నాళ్లకొస్తుందమ్మా?" అన్నారు. 35 రోజులకి అన్నాను.

"మరి 21న ఎందుకిచ్చారు?"

చీటీలో అలాగే ఉందండీ అన్నాను. ఆవిడ కాగితం వెనక్కి తిప్పి గీత గీసి చూపించారు. అండం బయటికొచ్చాక, అది పెరిగిన తిత్తి ఓ చిన్న పసుపు ముద్దలా మారుతుంది. ప్రొజెస్టెరాన్ ప్రధానంగా అక్కణ్ణుంచే వస్తుంది. అండం విడుదలకి ముందు రక్తంలో అది అట్టడుగునే ఉంటుంది, విడుదలైన వారానికి బాగా పెరుగుతుంది, గర్భం నిలవకపోతే పడిపోతుంది, నెలసరి వస్తుంది. విడుదల నుంచి నెలసరి దాకా చాలామందికి కాస్త అటూ ఇటూగా రెండు వారాలే. ఆలస్యమంతా దానికి ముందు భాగంలోనే జరుగుతుంది. 28 రోజుల వాళ్లకి 14న విడుదల, 21న పరీక్ష. నాకైతే విడుదలే 21కి అటూ ఇటూ! గింజ నాటిన రోజే పంట కొలుద్దామని గంప పట్టుకెళ్లానన్నమాట.

తర్వాతి నెల 28న ఇమ్మన్నారు. జుట్టుకని వేసుకుంటున్న బయోటిన్ బిళ్లలు కొన్ని యంత్రాల్లో అంకెని తారుమారు చేస్తాయట, రెండు రోజుల ముందే మానేయమన్నారు. (ఇది ముందే ఎవరైనా అడగాల్సిన మాట. నాకైతే బిళ్లల సంగతి గుర్తే లేదు.)

ఈసారి వేరే ల్యాబులో ఇచ్చాను. 35.6 వచ్చింది. 0.6 నుంచి 35కా అని మళ్లీ బెంబేలెత్తాను. తీరా చూస్తే మొదటిది మిల్లీలీటరుకి నానోగ్రాముల్లో, రెండోది లీటరుకి నానోమోల్స్‌లో ఇచ్చారు. 3.18తో భాగిస్తే 11.2. మూడు దాటితే అండం విడుదలైనట్టే లెక్క అన్నారు డాక్టరు గారు. 11 కన్నా 14 మేలు కదా అని అడగబోతే ఆపేశారు. ఈ హార్మోను అలలు అలలుగా వస్తుంది, పొద్దున ఒకటీ సాయంత్రం ఒకటీ చూపించొచ్చు, దశాంశాల కోసం దిగులుపడొద్దన్నారు.

"పరీక్ష సరైన రోజున జరిగిందో లేదో నెలసరి వస్తేనే తేలుతుంది, ఆ తారీఖు చెప్పండి" అని పంపించారు. పరీక్షైన ఏడో రోజున వచ్చింది. రిపోర్టు మీద 11.2 పక్కనే ఆ తారీఖు పెన్నుతో రాసుకున్నాను.